కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ‘బ్లా’

1978 మే నెలలో ఢిల్లీలోని ఒక మంత్రిత్వ శాఖలో నన్ను పరిపాలన సెక్షన్‌కు వేశారు. ఉద్యోగుల తలరాతలన్నీ నా చేతిలోనే ఉండేవి. నిజానికి నేను అసిస్టెంటుని, నా చేతిలో ఉన్నది తలరాతలు దాచే బీరువా తాళంచెవి.

ఏటా పై అధికారి కింది ఉద్యోగి పనితనం గురించి రాసే రహస్య నివేదికలు అందులో ఉండేవి. చెడ్డమాట పడితే ఆ ఉద్యోగికి మెమో ఇచ్చి, జవాబు చెప్పుకోనివ్వాలి. మంచిమాట మాత్రం ఎవరికీ చెప్పేవాళ్లం కాదు.

పక్క సెక్షన్లో ఫైళ్ల మీద నోట్లు రాసే నరసింహంగారిది మా తెనాలి. ఆ ఏడు ఆయన పేరు ప్రమోషన్ కమిటీ ముందుకు వెళ్తోంది. ఇప్పుడు తప్పితే ఇక రిటైర్మెంటే. అమెరికాలో శిక్షణ ముగించుకొచ్చిన అండర్ సెక్రటరీ ఆయన నోటింగ్ గురించి ఒకే మాట రాశాడు: ‘బ్లా’.

మా సెక్షన్ ఆఫీసరు శర్మాజీ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. “అరే రావ్‌జీ, యే గాలీ హై యా తారీఫ్?”

తిట్టో పొగడ్తో తేలందే మెమో వెయ్యలేం. ఆఫీసు నిఘంటువు తెల్లదొరల కాలంనాటిది, అందులో ఆ మాటే లేదు.

క్యాంటీన్లో నరసింహంగారు పట్టుకున్నారు. “ఏమయ్యా, మా దొర నన్ను కరిచాడా?”

“రహస్యం అన్నగారూ.”

“నీ మొహమే చెబుతోందిలే. మీ వదిన అప్పుడే ప్రమోషన్‌తో వచ్చే పెద్ద క్వార్టర్ కిటికీలకి కర్టెన్లు కుట్టిస్తోంది.”

ఆ మాట పుట్టుపూర్వోత్తరాల కోసం ఢిల్లీ గ్రంథాలయాలన్నీ గాలించాను. అంటే, ఒక్కటే. అక్కడ ఏసీ ఉండేది. అమెరికన్ నిఘంటువులో దొరికింది: చప్పనిది, పస లేనిది. పుట్టుక ఇంకా తమాషా. గ్రీకూ లేదు, లాటినూ లేదు. అర్థంలేని వాగుడు చెవికెలా తగులుతుందో ఆ చప్పుడే మాటైందట, మన లొడలొడ లాగా. నాకు ముచ్చటేసింది. నరసింహంగారికి మాత్రం ముప్పే.

శర్మాజీ నియమం తీశాడు: చెడ్డమాట రాసినవాళ్లు ఉదాహరణలు చూపాలి. అండర్ సెక్రటరీ పాత ఫైళ్లు తెమ్మంటే నేనే మోసుకెళ్లాను. చప్పటి నోటు కోసం వెతికాడు. పాపం, అన్నీ చప్పగానే ఉన్నాయి. కాకపోతే, మా పద్ధతి ప్రకారం, ప్రతి నోటు కిందా ఒప్పుకుంటూ ఆయన సంతకమే ఉంది. ఎక్కడా ఒక్క ముక్క దిద్దలేదు, చేర్చలేదు.

ఆయన ఆఖరి ఫైలు మూసి, రిపోర్టు అందుకున్నాడు. “ఠీక్ హై” అని ఆ మాట కొట్టేసి, ‘గుడ్’ అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టాడు.

నరసింహంగారికి ప్రమోషన్ వచ్చింది. వాదించి గెలిపించింది నేనేనని మా ఇంట్లో చాలాకాలం నమ్మారు. నేను మోసింది ఫైళ్లే. తర్వాత నేనూ రిపోర్టులు రాసే స్థాయికి వచ్చాను. ఎవరి పనైనా చప్పగా ఉందని రాయబోయే ముందు, దాని కింద సంతకం ఎవరిదో చూసుకునేవాణ్ణి.