మొక్కు పుంజు, ఇంటి ముంగిస

మా ఇంట్లో ముంగిసను పెంచామంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోయారు. కాటారం దాటాక అడవి అంచున మా ఊరు. ఒక వానాకాలం పొద్దున ఇల్లు ఊడుస్తుంటే, నా బిడ్డ పడుకున్న మంచం కింద కట్లపాము చుట్ట చుట్టుకొని ఉంది. దాన్ని చంపేశారు గానీ నా కంటి మీద కునుకు మాత్రం మళ్లీ రాలేదు. తాడు చూసినా పామే, చీపురుపుల్ల కదిలినా పామే. మా ఆయన బస్సు డ్రైవరు. నా పోరు పడలేక ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ టిఫిను సంచిలో ముంగిసపిల్లను తెచ్చాడు. మొగుళ్లపల్లి దిక్కు ఎవరో రైతు పొలంగట్టు మీద దొరికిందని ఇచ్చాడట. ఇక పాముల సంగతి ఇది చూసుకుంటుంది, నువ్వు పడుకో అన్నాడు.

నేను నిశ్చింతగా పడుకోవడానికి, అది వచ్చింది ఖాళీ ఇంటికా! అప్పటికే పిల్లి ఉంది, కుక్క ఉంది, అందరినీ మించి మా అత్తమ్మ పుంజు ఉంది. తెలంగాణ వస్తే మేడారం తీసుకుపోయి సమ్మక్కకు ఇస్తానని దాన్ని మొక్కుకొని, కాలికి పసుపుదారం కట్టింది. ఆ రోజు నుంచి అది మా కోడి కాదు, సమ్మక్క తల్లి కోడి. కసిరికొట్టకూడదు, అమ్మకూడదు, చుట్టమొచ్చినా కోయకూడదు. బియ్యం చేటలో నిలబడి తింటుంటే నేను పక్కన నిలబడి చూడాలి. దానికేమైనా అయితే పోయేది కోడి కాదు, రాష్ట్రమే అన్నట్టు ఉండేది ఆమె వ్యవహారం. అలాంటి ఇంట్లోకి కొడుకు కోళ్లను తినే జంతువును ఎత్తుకొచ్చాడు. అత్తమ్మ దాన్ని చూసింది, కొడుకును చూసింది.

"పుంజు ఈక ఒక్కటి ఊడినా దీన్ని అడవిల ఇడిసిపెట్టొస్త. దీనెనుక నిన్ను గూడ."

ఆయనకేం, బస్సెక్కి పోతాడు. అది అడవికి పోతే మళ్లీ మంచం కింద తొంగి చూసుకుంటూ బతకాల్సింది నేను. అందుకని ముంగిసకు కాపలా నేనే, పుంజుకు కాపలా నేనే అయ్యాను. పాము నుంచి కాపాడుతుందని తెచ్చుకున్నదాన్ని కోడి నుంచి కాపాడుకోవడంతోనే నాకు పొద్దుగూకేది.

తీరా చూస్తే కాపలా అవసరమే రాలేదు. ముంగిసపిల్ల ఆశగా వాసన చూస్తూ దగ్గరికి పోగానే పుంజు దాని ముక్కు మీద ఒక్కటి పొడిచింది. అంతే. పెద్దయి మూరెడు పొడుగు పెరిగినా, పుంజు ఎదురొస్తే గోడవారకు తప్పుకొని దారి ఇచ్చేది. కుక్క మాత్రం తన బతుకు పాడైందన్నట్టు వాకిట్లోనే పడుకోవడం మొదలుపెట్టింది. పిల్లి మొదట బుస కొట్టింది, తర్వాత చలికాలం వచ్చేసరికి అదీ ముంగిసా ఒకే గోనెసంచి మీద ముడుచుకొని పడుకున్నాయి. ఇద్దరూ కలిసి నా పాలగిన్నె మూత తీయడం నేర్చుకున్నారు.

అంతలో తెలంగాణ కోసం సమ్మెలు మొదలయ్యాయి. బస్సులు ఆగాయి. ఇంట్లో తాగిన గ్లాసు కడగని మా ఆయన, వంటావార్పు అని నడిరోడ్డు మీద కూర్చొని ఉల్లిగడ్డలు కోస్తుంటే ఊరంతా మెచ్చుకుంది. నేను కూడా పోయి చూశాను. సన్నగా, ఒద్దికగా కోస్తున్నాడు. ఇంటికొచ్చాక కత్తిపీట ముందు పెడితే చేయి నొప్పి అన్నాడు.

ముంగిస ఎదురైతే తలపెట్టిన పని అవుతుందని మా దిక్కు నమ్మకం. ఈ మాట ఎవరు లేవదీశారో గానీ, రాస్తారోకోకు పోయేవాళ్లంతా ముందు మా ఇంటికి రావడం మొదలైంది. జెండాలు పట్టుకొని వాకిట్లో నిలబడేవాళ్లు. మా ముంగిసేమో పిల్లి మీద తల పెట్టుకొని నిద్రపోయేది. శకునం దానంతట అది ఎదురు రావాలి గానీ, మేం ఉడికిన గుడ్డు చూపించి రప్పించేవాళ్లం. అది గుడ్డు కోసం పరుగెత్తుకొస్తే వాళ్లు దండం పెట్టుకొని, ఇక తెలంగాణ ఆగదని పోయేవాళ్లు. నా కోడిగుడ్లన్నీ ఉద్యమానికే పోయాయి.

సమ్మె నడుస్తుండగానే ఒక మధ్యాహ్నం, నా బిడ్డ వాకిట్లో ఆడుకుంటుంటే కట్టెలమోపు లోంచి పాము వచ్చింది. ఏ పామో చూసే ధైర్యం నాకు లేదు. ఇన్నాళ్లూ పాలు పోసి పెంచింది ఈ ఒక్క ఘడియ కోసమే కదా అని ముంగిసను చూశాను. అది వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకొని, గిర్రున తిరిగి, నా చీర పట్టుకొని నడుము దాకా పాకింది. వణుకుతోంది. ఇంట్లో పుట్టి పెరిగినట్టు పెరిగింది, పామంటే ఏంటో దానికేం తెలుసు! పుంజే ముందుకు దూకింది. రెక్కలు విదిలిస్తూ, కూస్తూ, పాము తల ఎటు తిరిగితే అటు పొడిచింది. ఆ గోలకు మా ఆయన లేచి కట్టె పట్టుకొచ్చాడు. నేను బిడ్డను ఎత్తుకొని అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ రోజు నుంచి చేటలో బియ్యం నేనే పోసేదాన్ని. దీని బదులు ఇంకో పుంజును కొని ఇద్దామని అత్తమ్మను అడిగాను. తల్లికి చెప్పిన మాట మార్చుతారా అంది. మాట మార్చడం ఢిల్లీకి మాత్రం బాగా తెలుసు. ఇస్తామని ఒకసారి, చూస్తామని ఒకసారి. వాయిదా పడినప్పుడల్లా ఊరంతా శాపనార్థాలు పెట్టేది. నేనూ పెట్టేదాన్ని, నోటితో. లోపల మాత్రం పుంజుకు ఇంకొన్నాళ్లు దొరికాయని ఊపిరి పీల్చుకునేదాన్ని.

చివరికి ఒకరోజు టీవీలో చెప్పారు, తెలంగాణ వచ్చింది. పటాకులు, డప్పులు, రంగులు. ఎవరో నా నోట్లో లడ్డు కుక్కారు. నాకు దుఃఖం ఆగలేదు. చూడండి, ఈమె ఎంత సంబరపడుతుందో అని ఆడవాళ్లంతా నన్ను పట్టుకొని వాళ్లూ ఏడ్చారు.

మేడారం పోయిన పొద్దున గంపలో పుంజును పెట్టి గుడ్డ కడుతుంటే ముంగిస గంప చుట్టూ తిరిగింది. బస్సు దాకా మా వెంట వచ్చింది. సమ్మక్క గద్దెల దగ్గర మొక్కు చెల్లించి, చెట్ల కింద పొయ్యి పెట్టి వండాం. మా ఆయన అడగకుండానే ఉల్లిగడ్డలు కోసిచ్చాడు. అత్తమ్మ నా విస్తరిలో కూర వేసింది. నేను చేయి పెట్టలేదు.

"తెలంగాణ ఉట్టిగనే రాలే బిడ్డా," అంది. "మనకు పోయింది కోడే. పిల్లలు పోయిన తల్లులు ఎందరున్నరు. తిను."

తిన్నాను. ఆమె విస్తరిలో ముక్క మాత్రం అలాగే ఉంది.