సహరీ వేళ నా షట్టరు ముందు ఆగిన గొంతు

ఇది నిజంగా జరిగింది. నమ్మకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆదోనిలో టీ అంగడి దగ్గర చాలాసార్లు చెప్పాను. విన్నవాళ్లు చేతుల మీద లేచిన వెంట్రుకలు చూపించారు. కానీ చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. ఒక స్పీకరు పెట్టెలోని గొంతు ఎలా పోయిందో అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఈసారి అది కూడా చెబుతాను.

నా పేరు ఈరన్న. ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు బాగుచేస్తాను. అంగడి, ఇల్లు ఒకటే గది. భార్య పోయాక పొయ్యి గట్టు మీద కూడా పాత మిక్సీలే పెట్టుకున్నాను. సందులో అందరికీ నేను మెకానిక్కునే. పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు... దస్తగిరి చిన్నాయన. అది కూడా రంజాన్ నెలలో, తెల్లవారకముందు.

ఆయన సహరీకి లేపేవాడు. ఉపవాసం ఉండేవాళ్లు చీకటితోనే లేచి తినాలి కదా, అందుకు. చేతిలో కర్ర. తలుపులు తట్టుకుంటూ, ఇంటింటికీ పేరు పెట్టి పిలిచేవాడు. "మస్తానూ, లేయప్పా! బీబమ్మా, సహరీ ఏళయ్యింది!" సందులో ఉపవాసం లేనివాణ్ణి నేనొక్కడినే. నా షట్టరు మీద రెండు దెబ్బలు వేసి, "ఈరన్నా, నీకు గాదులే, పండుకో!" అనేవాడు. నిద్రలేపి మరీ పండుకోమనడం. నేను లోపలినుంచి తిట్టేవాణ్ణి. ఆయన నవ్వుకుంటూ పోయేవాడు.

ఫోన్లలో అలారాలు వచ్చాయి. మసీదు మైకు ఉండనే ఉంది. అయినా ఆయన పిలిస్తేనే మా సందు లేచేది.

తర్వాత ఆయనకు గొంతులో పుండు లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది. అంతకుముందే కూతురు మాబున్నీ ఆయన పిలుపును ఫోనులో రికార్డు చేసి పెట్టుకుంది. మనం అడిగితే జవాబు చెప్పే గుండ్రటి స్పీకర్లు వస్తున్నాయి కదా, అలాంటిదొకటి కొని ఆ పిలుపు అందులో నింపింది. సహరీ వేళకు దానంతటదే పలికేలా పెట్టి కిటికీలో ఉంచింది. రంజాన్ రాగానే ఆ గొంతు మళ్లీ సందులో వినిపించింది. చిన్నాయన కిటికీ పక్కన కూర్చుని తన గొంతు తానే వినేవాడు. రికార్డులో నా పేరు మాత్రం లేదు. ఉపవాసం లేనివాడి పేరు ఎందుకని మాబున్నీ వదిలేసింది. సందంతా లేచేది. నా షట్టరు ముందు ఎవరూ ఆగేవాళ్లు కాదు.

పదో ఉపవాసం నాడు పెట్టె ఆగిపోయింది. సాయంత్రం మాబున్నీ దాన్ని దుపట్టాలో చుట్టి తెచ్చింది.

"లైటు తిరుగుతాదన్నా, టింగుమంటాది, ఆరిపోతాది. మళ్లా మొదట్నించి. పొద్దున్నించీ ఇదే వరస."

"ఏమన్నా మార్చినావామ్మా?"

"దాని చార్జరు వైరు ఎలక కొరికింది. నా పాత ఫోను చార్జరు పెట్టినా. రాత్రికి అయితాదా అన్నా? నాయన కిటికీ కాణ్ణించి లేయడంలేదు."

"గొంతున్నన్ని దినాలు ఆయప్ప నన్ను పండుకోనీలే. ఇప్పుడు ఆయప్ప పెట్టె కూడా పండుకోనీదా!"

ఆమె నవ్వింది. పెట్టె పెట్టి పోయింది.

ఇప్పుడు చెప్పబోయేదే నేను మింగేసిన ముక్క.

ఏ వస్తువు వచ్చినా ముందు దానికి సరైన కరెంటు అందుతోందా అని చూడాలి. నా పనిలో మొదటి పాఠం అది. చార్జరు మార్చానని ఆమె చెప్పింది కూడా. నేను విన్నాను... కానీ పట్టించుకోలేదు. రాత్రి అందరి పనులూ అయ్యాక, నిద్రమత్తులో దాన్ని తిరగేశాను. అడుగున ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి నొక్కి పట్టుకున్నాను. మొండికేసిన పెట్టెలన్నిటికీ నేను చేసే వైద్యం అదే. లైటు ఎర్రబడింది. ఆరింది. మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. టింగ్... ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది చార్జరు. నా దగ్గరున్న గట్టి చార్జరు పెట్టాను. లైటు తిరిగింది... తిరిగింది... నిలబడింది. ఎవరో ఆడమనిషి గొంతు, ఏ ఊరిదో తెలియని గొంతు, "నమస్కారం. మీ కొత్త స్పీకరును సిద్ధం చేద్దాం" అంది.

కొత్త స్పీకరు.

అంతా వెతికాను. ఏమీ లేదు. ఆ రంధ్రంలో నొక్కి పట్టుకుంటే పెట్టెలో నింపినదంతా చెరిగిపోతుంది. నేనే తుడిచేశాను. రికార్డు చేసిన ఫోను నీళ్ల తొట్టిలో పడి పాడైందని కిందటి నెలే మాబున్నీ నా దగ్గరికి తెచ్చింది. అదీ బాగుకాలేదు. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

వైరు పీకేశాను. ఏదో ఆశతో పెట్టె విప్పాను. బోర్డు ఒక పక్క, స్పీకరు ఒక పక్క బల్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. కుక్కలు కూడా అరవడం మానేశాయి.

టక్...

సందు మొదట్లో. కర్ర చప్పుడు.

టక్... టక్...

"మస్తానూ... లేయప్పా..."

ఆ గొంతే. మాటకు ముందు చిన్న ఈల లాంటి ఊపిరి వచ్చేది ఆయనకు. అది కూడా ఉంది. నేను బల్ల వైపు చూశాను. వైరు లేదు. బోర్డు అక్కడ, స్పీకరు ఇక్కడ. స్పీకరు మధ్యన, చప్పుడుకు అదిరే కాగితం మీద వేలు పెట్టి చూశాను. కదలడం లేదు.

"బీబమ్మా... సహరీ ఏళయ్యింది..."

ఒక్కొక్క ఇల్లే దగ్గరవుతోంది. ఎక్కడో తలుపు గడియ తీశారు. గిన్నె చప్పుడైంది. పక్కింటి దగ్గర పిలిచింది. తర్వాత అడుగులు... నెమ్మదిగా... నా షట్టరు ముందుకొచ్చి ఆగాయి.

రెండు దెబ్బలు. షట్టరు దుమ్ము నా కాళ్ల మీద రాలింది.

"ఈరన్నా..."

నేను ఎదురుచూశాను. పండుకో అంటాడని. అంటే బాగుండునని. అనలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. రేకుకు అవతల, జానెడు దూరంలో. చివరికి రెండు చేతులతో షట్టరు ఎత్తేశాను.

ఎవరూ లేరు.

సందులో అన్ని ఇళ్లలో లైట్లు వెలిగి ఉన్నాయి. ఎదురింటి మస్తాను కొళాయి దగ్గర నోరు పుక్కిలిస్తున్నాడు.

"ఏం మెకానిక్కూ, బాగుచేసేసినావే! ఈపొద్దు గొంతు మనిషి నిలబడి పిలిచినట్లే ఉండాది!"

"ఇట్ల ఎవరన్నా పోయినారా మస్తానూ?"

"యాడ? నీ అంగట్లోంచే గదా వచ్చింది!"

పొద్దున్నే మాబున్నీ వచ్చింది. ముఖమంతా వెలుగు. "నాయన కిటికీ కాణ్ణించి లేసినాడన్నా. నీ అంగడి దిక్కు చెయ్యి చూపిచ్చి ఒకటే ఏడుపు. యాడుంది పెట్టె?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. బల్ల మీద విప్పి పడున్న పెట్టె ఆమెకు కనపడుతూనే ఉంది.

"ఒక్కసారి పలికిందమ్మా. మళ్లా పోయింది. నువ్వు పెట్టిన చార్జరుకు బోర్డు కాలిపోయింది. ఇంక కాదు."

ఆమె బోర్డును వేలితో తాకింది. "అయితే... నేనే పోగొట్టినానా అన్నా?"

నేను స్క్రూడ్రైవరు వెతుకుతున్నట్టు నటించాను. "అయింటాది" అన్నాను.

పండుగ తర్వాత ఆమె నాయనను తీసుకుని యెమ్మిగనూరులో అత్తగారింటికి వెళ్లిపోయింది. తర్వాత మస్తాను చెప్పాడు, "ఆయమ్మ ఇప్పుడు ఫోనుకు చార్జింగు కూడా ఇంకొకరితో పెట్టిచ్చుకుంటాదంట" అని. అతను నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ గొంతు మళ్లీ రాలేదు. తర్వాతి రంజాన్ నెలంతా ఆ వేళకు లైటు వేసుకుని షట్టరు వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరైనా ఆయనను అనుకరించారేమో అనుకుందామంటే, అంత బాగా పిలవగలిగేవాడు మా సందులో లేడు. నా భ్రమ అనుకుందామంటే, సందంతా వింది. నెల ఇక ముగుస్తుందనగా ఒక మధ్యాహ్నం యెమ్మిగనూరు బస్సెక్కాను.

మాబున్నీ వసారాలో వెల్లుల్లి ఒలుస్తోంది. చిన్నాయన మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు.

"ఏమన్నా, దోవ తప్పినావా ఏంది?" అంది ఆమె.

కూర్చోకుండానే చెప్పేశాను. "నీ చార్జరు దేన్నీ కాల్చలేదమ్మా. దాని బలం చాలక పెట్టె లేయలేదు, అంతే. నేను అది చూడకుండా పిన్ను గుచ్చి అంతా తుడిచేసినా. గొంతు నా చేతుల్లో పోయింది. పోగొట్టి, నీ మీద వేసినా."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఇన్ని దినాలూ నాయన మొగం సూడలేకపోయినా గదన్నా..." మళ్లీ అంది, "మరి ఆ రాత్రి పిలిచిందెవరు?"

"తెలీదమ్మా. పెట్టె విప్పి బల్ల మీద ఉండె. ఒట్టు."

ఆమె నాయన వైపు తిరిగింది. చిన్నాయన గొంతు మీది మచ్చను తడుముకుని, నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్లలో కూడా నా కళ్లలో ఉన్న ప్రశ్నే ఉంది.

నేను ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"పిలిచిందెవరో నాకు ఇప్పటికీ తెలీదు చిన్నాయనా. నీ గొంతు పోగొట్టింది మాత్రం నేనే. మాబున్నీ, నీ తప్పు ఇంతన్నా లేదు. ఆ పొద్దే చెప్పల్సిన మాట... తప్పు చేసినా. నన్ను మన్నించండి."