చిలకమ్మ నిద్ర

చిలకమ్మకి ఈ లోకంలో కావలసింది ఒక్కటే, నిద్ర. బంగారం అడగలేదు, చీరలు అడగలేదు. ఒక పూట ఒళ్లు తెలియకుండా పడుకోనిస్తే చాలనుకుంది. అదే దొరకలేదు.

మామ తవిటయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి మంచం పట్టి మూడేళ్లయింది. ఒక పక్క పడిపోయింది, మాట పోయింది, ఆకలీ కోపమూ మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. గంజి పట్టేది చిలకమ్మ, గుడ్డలు మార్చేది చిలకమ్మ, అర్ధరాత్రి ఆయన మూలిగితే లేచేదీ చిలకమ్మే. మొగుడు ఎర్రయ్యదీ ఆ వర్క్‌షాపే, సైరన్ కూస్తే సైకిలెక్కి పోతాడు, మళ్లీ కూస్తే ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటాడు.

"ఏటయ్యా, ఓ పూట మీ అయ్యకాడ కూకో. నాను కునుకు తీస్తాను" అని ఎన్నిసార్లడిగిందో.

"ఆడోల్ల పని నాకేటి తెల్సునే?" అనేవాడు. కన్నతండ్రి మంచం దగ్గర కూర్చోడం ఆడవాళ్ల పనట! థూ, ఆ మొహం మండా.

అలాంటి రోజుల్లో రాధాకృష్ణమూర్తిగారు దిగబడ్డారు. రైల్వేలో హెడ్‌క్లర్కు చేసి దిగిపోయిన పెద్దమనిషి. ఏటేటా ఏదో ఆశ్రమానికి పోవడం, అక్కడ సేవ గురించి పైచదువు చదవడం, తిరిగొచ్చి దాన్ని మన నెత్తిన రుద్దడం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భజన మందిరంలో క్లాసు. ఇళ్లల్లో రోగుల్ని చూసుకునే ఆడవాళ్లంతా రావాలి. రోగి ఆత్మని ఎలా ఓదార్చాలి, ఓదార్చేవాళ్లు తమ మనసుని ఎలా కాపాడుకోవాలి, ఇదీ పాఠం. ఆయన చెయ్యి జన్మలో ఒక రోగికి మంచినీళ్లు పట్టిన పాపాన పోలేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటే ఏమో అనుకున్నాం గానీ, ఈయన్ని చూశాక నమ్మాం.

విడ్డూరం ఏమిటంటే, ఎర్రయ్య చిలకమ్మని క్లాసుకి పంపాడు. పెళ్లాం నిద్రపోతానంటే కూర్చోని మనిషి, హెడ్‌క్లర్కుగారు పుణ్యమన్నారని తండ్రి దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నాడంటే కూర్చున్నాడంతే. తడిసిన పక్క తడిసినట్టే ఆమె కోసం కాచుకుని ఉండేది.

మొదటి ఆదివారమే చిలకమ్మ లేచి అడిగింది.

"బాబూ, మనసు సంగతి తరవాత. మనమింతమందిమి ఉన్నాం గదా, ఒకల ఇంట్లో ఒకలం వంతులేసుకుని కూకుంటే అందరికీ కూసింత నిద్దర దొరకదా?"

మూర్తిగారు చిన్నపిల్లని చూసినట్టు నవ్వారు. "అమ్మా, సాయం బయట వెతక్కూడదు. లోపల వెతుక్కోవాలి. కళ్లు మూసుకో."

ముందు వరసలో చంద్రావతి, ఊళ్లోనే మలంచా పేటలో బట్టలకొట్టు షావుకారు భార్య, గంగిరెద్దులా తలూపింది. ఆవిడ అత్తగారిని చూసుకునేది జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. అయినా ఆవిడ క్లాసు తప్పదు, పట్టుచీరా తప్పదు.

సరే, కళ్లు మూసుకోమన్నారు గదా. చిలకమ్మ స్తంభానికి చేరగిలబడి కళ్లు మూసుకుంది. అమ్మయ్యా, ఏం నిద్రండీ అది! మూర్తిగారి గొంతు జోలపాట కంటే బాగా పనిచేసింది. ఆ తరవాత ఒక్క ఆదివారం మానలేదు. చెప్పింది ఒక్క ముక్క వినలేదు. ఎంత చులకనగా చూసినా ఆ క్లాసే ఆమెకి ప్రాణం.

ఆ ప్రాణానికే ఎసరొచ్చింది. అందరూ కదుల్తూ దగ్గుతూ ఉంటే ఈమె ఒక్కతే రాయిలా కూర్చుంటోందని మూర్తిగారు కనిపెట్టారు. "చిలకమ్మకి ధ్యానం కుదిరింది! వచ్చే ఆదివారం అందరూ చూడాలి. ఇక మీదట ఈవిడే ముందు కూర్చుని మీకు నేర్పుతుంది" అన్నారు. చిలకమ్మ ఆదివారం నిద్రకి నీళ్లొదులుకున్నట్టే. నేర్పేవాళ్లు నిద్రపోతారా?

అవి మాతాపూజ రోజులు. అమ్మోరి ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వీధులు తిరుగుతున్నారు, డప్పులు మోగిపోతున్నాయి. ఆ ఆదివారం చిలకమ్మ పసుపు రాసుకుని తలంటుకుంది. జుట్టు ఆరకుండానే తీసుకుపోయి వేదిక మీద కూర్చోబెట్టారు, మెడలో దండ వేశారు. చూడ్డానికి ఎర్రయ్య కూడా వచ్చాడు, తండ్రిని పక్కింటివాళ్లకి అప్పజెప్పి. మెలకువగా ఉండాలని పెదవి కొరుక్కుంది గానీ, కళ్లు మూయమన్నాక ఇంకేం మెలకువ? గుర్రు మొదలైంది.

మూర్తిగారు కంగారుపడి భుజం తట్టారు. సరిగ్గా అప్పుడే ఘటాలు మందిరం ముందుకొచ్చాయి. డప్పు దరువు గుండెల మీద పడ్డట్టయి, చిలకమ్మ గావుకేక పెట్టి లేచింది. జుట్టు విరబోసుకుపోయింది, ఒళ్లు తూలుతోంది, కళ్లు చింతనిప్పులు.

"ఓలమ్మో, అమ్మోరు! అమ్మోరు పూనింది!" అని అరిచింది ఎదురింటి పోలమ్మ. జనం గబుక్కున లేచారు. ఎవరో వేపమండ చేతిలో పెట్టారు, ఎవరో కాళ్ల మీద నీళ్లు పోశారు.

"తల్లీ, ఏటి కావాల? కోడా? మేకపోతా?"

చిలకమ్మకి ఇంకా సగం నిద్రే. ఆ సగం నిద్రలో మూడేళ్ల కడుపుమంట బయటికొచ్చింది. "కోడేటి, నా బొంద! నన్ను పడుకోనియ్యండే! సచ్చిపోతన్నాను! ముసలోడికాడ ఒక్కరైనా కూకున్నారా? ఆ గుడ్డలు మీరు మార్సండి, మీరు!"

ఎర్రయ్య నిలువునా కూలబడి సాష్టాంగపడ్డాడు. చంద్రావతి చెంపలేసుకుంది. సాయం లోపల వెతుక్కోమన్న మూర్తిగారు అందరికంటే ముందు తల వంచారు.

అప్పటికప్పుడే వంతులు పడ్డాయి. చిలకమ్మ ఏ వంతుల కోసం బతిమాలిందో అచ్చంగా అవే. చంద్రావతి మలంచా నుంచి రిక్షాలో వచ్చి, పట్టుచీర మాని నూలుచీర కట్టుకుని తవిటయ్యకి గంజి పట్టింది. మూర్తిగారు ముక్కుకి రుమాలు కట్టుకుని బేసిన్ పట్టుకెళ్లారు. ఆడోల్ల పని తెలియని ఎర్రయ్య పక్కబట్టలు ఉతికి తీగ మీద ఆరేశాడు, అదీ పట్టపగలు, పదిమందీ చూస్తుండగా.

లోపలి గదిలో చాప మీద పడుకుని చిలకమ్మ ఇదంతా వింటోంది. మనిషి నోరు తెరిచి అడిగితే ఒక్కడు కదల్లేదు, దేవత గద్దిస్తే పరుగెత్తుకొచ్చారు. సిగ్గులేని జాతి! బయటికెళ్లి, అమ్మోరూ లేదు ఏటీ లేదు, ఆ అరిసింది నానేనని మొహం మీద చెప్పాలనిపించింది. లేచి కూర్చుంది కూడా.

"తల్లి నిద్దరోతంది. సప్పుడు సెయ్యకండి" అంటున్నాడు బయట ఎర్రయ్య. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

సెప్తే మల్లీ మనిషినైపోతాను, అనుకుంది చిలకమ్మ. గోడ వైపు తిరిగి పడుకుంది.