అక్క ఊరి పొలిమేర

కాగితం కత్తిరించి సంసారం ఈదుకొచ్చానంటే ఇప్పటి పిల్లలు నవ్వుతున్నారు. వాళ్ళు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. రంగుతావుని ఎనిమిది పొరలుగా మడిచి, గీత గీయకుండా, కత్తెర పైకెత్తకుండా కత్తిరించి విప్పితే ఎనిమిది చిలకలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని బయటికి రావాలి. మడత అంచు ఒక్కచోట తెగిందా, తావంతా పేలికలై ఒళ్ళో పడుతుంది. చేసి చూసి అప్పుడు నవ్వమనండి.

పొద్దున్నే చద్దన్నం తిని వీధరుగు మీద కూర్చుంటే పొద్దు వాలేదాకా అదే పని. మాఘంలో, వైశాఖంలో పెళ్ళిపందిళ్ళూ మేనాలూ. ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతర. తావులు కాకినాడ నుంచి సామర్లకోట మీదుగా పడవలో వచ్చేవి. వానాకాలం తేమకి కాగితం మెత్తబడి కత్తెరకి లొంగదు, అందుకని పొయ్యికి పైనున్న అటక మీద దాచేవాళ్ళం. చింతగింజల జిగురు మా ఆవిడ కాచేది. గాలి విసిరి ముక్కలు లేచిపోతే నేను గాలినీ తిట్టేవాణ్ణి, మా ఆవిడనీ తిట్టేవాణ్ణి, వీధిన పోయేవాళ్ళనీ తిట్టేవాణ్ణి. నా నోరు ఊరందరికీ తెలిసిందే. నన్ను ఎదురు తిట్టగలిగింది మా అక్క ఒక్కతే. అమ్మ పోయాక నన్ను చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. ఆవిణ్ణి పక్క ఊరికే ఇచ్చారు. పొలాలకి అడ్డంపడి నడిస్తే అరగంట. వారానికోసారి వచ్చి, అరుగు మీది కాగితపు ముక్కలన్నీ ఊడ్చిపోసి, పెళ్ళాన్ని ఏడిపిస్తే చేతులు విరగ్గొడతానని చెప్పి వెళ్ళేది.

ఇంకో పని కూడా ఉండేది. దాని గురించి నేను ఎవరికీ ఎక్కువగా చెప్పను. ఊళ్ళో వాంతులూ భేదులూ పట్టుకున్నప్పుడు అమ్మవారిని సాగనంపడానికి చిన్న రథం కట్టేవాళ్ళు. మేదరివాళ్ళు వెదురుతో గూడు అల్లితే, దానికి నేను కాగితం కట్టాలి. గోపురం, తోరణాలు, నాలుగు పక్కలా జాలీలు, అన్నీ ఎర్రటివి, పచ్చటివి. డప్పులతో తీసుకెళ్ళి పొలిమేరలో దించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. జబ్బు రథంతో పాటు ఊరు దాటిపోతుందని నమ్మకం. పొలిమేర అవతలివాళ్ళకి జబ్బు పట్టుకుంటే వాళ్ళూ రథం కట్టించి తెచ్చి మన పొలిమేరలో దించుతారు. నీళ్ళలో మాత్రం వదలకూడదు, ఆ నీళ్ళే కదా అందరం తాగేది. రెండు ఊళ్ళూ కాలువకీ ఏటికీ మధ్య ఇరుక్కుని ఉండేవి. మాకున్న పొలిమేర అక్క ఊరిది, వాళ్ళకున్నది మాది. రెండు ఊళ్ళకీ రథం కట్టే చెయ్యి నాదొక్కటే.

దానికో నియమం ఉంది. కట్టేవాడి ఇంట్లో జబ్బు ఉండకూడదు. ఉంటే ఆ రథం మైలపడినట్టే, అమ్మ ఎక్కదు.

ఆ ఏడు కాలువకి కొత్తనీళ్ళు వదిలిన నెలలోనే జబ్బు వచ్చింది. నాలుగు రోజుల్లో మా వీధిలోనే ముగ్గురు పోయారు. మంగళవారం నాడు మునసబుగారు వచ్చి గురువారం పొద్దు గూకేలోపు రథం లేవాలన్నారు. సరేనన్నాను. బుధవారం తెల్లవారేసరికి నా కూతురికి మొదలైంది.

దానికి ఏడేళ్ళు. ఇద్దరు పిల్లలు పోయాక దక్కిన పిల్ల. పొద్దెక్కేసరికి దాని కళ్ళు గుంటల్లోకి పోయాయి, వేళ్ళు నానబెట్టినట్టు ముడతలు పడ్డాయి. చెబితే రథం ఆగిపోతుంది. ఇంకొకణ్ణి వెతికి, కట్టించి, లేవదీసేసరికి నాలుగు రోజులవుతుంది. పిల్లకి అన్ని రోజులు లేవు. చెప్పకపోతే రథం మైల. అలాగైతే అమ్మ ఎక్కుతుందా, ఎక్కదా? నేను ఎక్కుతుందనే అనుకున్నాను. అనుకోక ఏం చేయను?

తలుపు వేసుకుని కత్తిరించడానికి కూర్చున్నాను. అటు గదిలో పిల్ల మూలుగు, ఇటు నా కత్తెర. నా జన్మలో ఎన్నడూ తెగని మడత అంచు ఆ రోజు మూడుసార్లు తెగింది.

"పిల్ల అక్కడ అలా పడుంటే మీకు కాగితాలేంటండీ?" అంది మా ఆవిడ.

నేను ఇంకో తావు మడిచాను. పిల్లకోసమే చేస్తున్నానని చెప్పినా మా ఆవిడ వినే స్థితిలో లేదు. మంచినీళ్ళు ఇవ్వొద్దని పెద్దవాళ్ళు చెప్పేవారు, అది ఆ మాటా వినలేదు. ఉప్పు వేసిన గంజి చెంచాతో పోస్తూ, పిల్ల కక్కుతుంటే మళ్ళీ పోస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం మునసబుగారు పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చారు. అరుగు దగ్గర నిలబడి ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగారు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పిల్ల "అమ్మా" అని మూలిగింది. నేను ఇంట్లోకి తిరిగి, జిగురు మాడ్చేశావని, చేతగాని దానివని, నానా మాటలూ అంటూ మా ఆవిడ మీద గొంతు చించుకుని అరిచాను. మునసబుగారు నవ్వి, కాస్త మెల్లగానయ్యా అన్నారు.

"అందరం బాగానే ఉన్నామండి," అన్నాను.

ఆయన వెళ్ళాక లోపలికి పోయి మా ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. అది నా వంక చూడనైనా చూడలేదు. పిల్ల పాడుచేసిన గుడ్డలన్నీ మూట కట్టి, మసక పడ్డాక, చాకలికి వేస్తే సంగతి బయటపడుతుందని తానే కాలువ రేవుకి తీసుకెళ్ళి జాడించుకొచ్చింది. ఆ కాలువ మా రేవు దాటి అక్క ఊరి రేవుకే వెళ్తుంది. నీళ్ళలోనే ఆ జబ్బు ఉంటుందని, కాచి తాగాలని, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆసుపత్రి డాక్టరుగారు చెబుతుంటే విని, నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. మా ఆవిడకి ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు.

గురువారం సాయంత్రానికి రథం లేచింది. నేను చేసినవాటిలో అంత అందమైనది లేదని జనం అన్నారు. కట్టినవాడు ముందు నడవాలి. ఇంట్లో పిల్ల ఉందో పోయిందో తెలియకుండా డప్పుల ముందు నడిచాను. పొలిమేర గట్టు మీద రథం దించాక, కట్టినవాడు అమ్మకి చివరి మాట చెప్పుకోవాలి. పైకి చెప్పాల్సిందేదో చెప్పాను. లోపల మాత్రం, తల్లీ, నా పిల్లని వదిలిపెట్టు, ఎక్కడికి పోతావో పో అనుకున్నాను. అక్కడ నిలబడితే అక్క ఇంటి తాటాకు కప్పు కనబడుతూనే ఉంది. చూస్తూనే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున పిల్ల కళ్ళు తెరిచి ఆకలేస్తోందని అంది. నేను గోడకి తల ఆన్చి ఏడ్చాను.

ఆదివారం మా బావ వచ్చాడు. గుమ్మంలోకి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. వాళ్ళ ఊళ్ళో ఆరుగురికి పట్టుకుందని, నిన్న సాయంత్రం నుంచి అక్కకీ పట్టుకుందని చెప్పాడు.

"రథం కావాలిరా. రేపటికల్లా," అన్నాడు.

ఎక్కడ దించుతారో నాకు తెలిసిన సంగతే. అయినా, "ఎటు పంపుతారు బావా?" అని అడిగాను.

"ఎటేంటి? మాకున్నది ఒక్కటే పొలిమేర కదా."

లోపల పిల్ల గోడకి జారగిలబడి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని గంజి తాగుతోంది. గిన్నె మోసే బలం ఆ పొద్దునే వచ్చింది దానికి. ఆ రథం మా పొలిమేరలో దిగి, జబ్బు మళ్ళీ పట్టుకుంటే ఇక లేవదు. నన్ను పెంచిన చేతులు అటు, ఈ గిన్నె పట్టుకున్న చేతులు ఇటు. పగవాడిక్కూడా అలాంటి ఘడియ రాకూడదు. నేను ఎంతోసేపు ఆలోచించలేదు. ఆలోచించానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది గానీ, అది అబద్ధం.

"కాగితం లేదు బావా. పడవ రావాలి," అన్నాను.

జాతరకని తెప్పించిన తావులు అటక నిండా ఉన్నాయి. గుమ్మంలోంచి చూస్తే వాటి ఎర్రటి అంచులు కనబడతాయి. బావ ఒకసారి అటు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. సరేలే అని వెళ్ళిపోయాడు. అక్క ఎలా ఉందని కూడా నేను ఇంకో మాట అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం అక్క పోయింది. కబురు వస్తే చివరిచూపుకి కూడా వెళ్ళలేదు. ఆ ఊరి గాలి మళ్ళీ ఇంటికి తెస్తానేమోనని భయం. మా ఆవిడ నన్ను చీదరించుకుంటూనే తలుపు గడియ వేసింది.

పదోరోజున వెళ్ళాను. బావ అరుగు చివర ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కోరుకున్నాను. ఆయన జరిగి నాకు చోటిచ్చాడు. పిల్ల ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను.

"ఆ రోజు మీ అక్క నన్ను పంపలేదురా," అన్నాడు. "వెళ్ళొద్దంది. మీ ఆవిడ రేవులో గుడ్డలు జాడించడం ఎవరో చూసి చెబితే, మీ పిల్లకి జబ్బు చేసిందని తనకి ముందే తెలిసింది. 'రథం అడిగి వాడి చేత లేదనిపించకండి, ఆ తర్వాత వాడు బతకలేడు' అంది. నేనే వినకుండా వచ్చాను."