మచ్చపడ్డ పళ్ళు

"అమ్మ లేదొదినా" అని మా మేనత్త కూతురు ఫోన్ చేసింది. నందిగామలో అత్త ఇంటికి చేరేదాకా నేనా మాట నమ్మలేదు.

కాలేజీ రోజుల్లో అత్త ఇంట్లోనే తిని చదువుకున్నాను. "ముందా పుస్తకం ముయ్యవే, అన్నం చిన్నబుచ్చుకుంటుంది" అనేది. ఆవిడకి రెడ్డిగూడెంలో మామిడితోట. ఎవరికి పళ్ళిచ్చినా ఒకటి తీసి, ఎదురుగానే కోసి, ముక్క నోటికందించేది. తిని బాగుందన్నాకే బుట్ట కదిలేది. ఆ అలవాటు ఎందుకొచ్చిందో రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. రాయకపోతే ఆవిడని సగమే తలుచుకున్నట్టు.

అత్త కూతురి నిశ్చితార్థం జగ్గయ్యపేటలో జరిగింది. మా ఇళ్ళల్లో ఆడపెళ్ళివారి పళ్ళబుట్టకి గుడ్డ కప్పి కుట్టేస్తారు. మళ్ళీ పెళ్ళికొడుకు తల్లే విప్పాలి. అత్త నాలుగు రోజుల ముందే ఒక్కో దోరకాయా తుడిచి పేర్చింది, ఒక్క మచ్చ లేదు. కానీ పూత మీద వానలు పడ్డ ఏడు అది. మచ్చ తెగులు కాయలోనే దాక్కుని, పండేటప్పుడు గానీ బయటపడదు. గుడ్డ విప్పేసరికి పళ్ళన్నీ నల్లటి మచ్చలు.

"ఏంటండీ వదినగారూ, మీ తోటకి అమ్మవారు పోసిందా?" అంది వియ్యపురాలు.

హాలంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది.

"అది తెగులత్తా, నీ తప్పేముంది?" అన్నాను తరవాతెప్పుడో.

"నాకు తెలీదటే? సిగ్గుకి తెలియొద్దూ?" అంది, కత్తి కడుక్కుంటూ.

మొన్న వియ్యపురాలు పరామర్శకొచ్చింది. "రుచి చూపించందే ఒక్క పండైనా ఇచ్చేది కాదమ్మా మీ అత్తయ్య. అంత మర్యాద ఎవరికుందీ?" అని కళ్ళు తుడుచుకుంది. ఏడుపు నిజమే. తనన్న మాటే గుర్తు లేదు. చెబుదామా అనుకున్నాను. చెప్పి, ఇంకొకరిని సిగ్గుపడేలా చెయ్యడమేనా? ఊరుకోవడం సరైందో కాదో ఇప్పటికీ తెలీదు.

అత్త కూతురు మాత్రం లేచి లోపలికెళ్ళింది. తోటనించి వచ్చిన పండొకటి తెచ్చి తల్లి ఫొటో ముందు పెట్టింది. ఈ ఏడూ పూత మీద వాన పడింది. పండు నిండా మచ్చలే. ఎవరో కత్తి అందించబోయారు.

"వద్దు, కొయ్యకండి" అంది.

గదంతా ఆ పండు వాసన.