పైన రాయని బస్ స్టాపు

ఎనిమిదేళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఖరగ్‌పూర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడికి అడ్మిషన్ల వెబ్‌సైటు రాశాను. ప్రోగ్రాములో క్లాసంటే తరగతి కాదు, ఒక నమూనా. పిల్లవాడి పేరు, చిరునామా, ఫోను, ఏమేం ఉంటాయో పైనే ప్రకటించాలి. నా ప్రోగ్రాము ఆ జాబితాలో ఉన్నవే సేవ్ చేసేది, లేనివి వదిలేసేది. చివర్లో ప్రిన్సిపాల్ గారు బస్ స్టాపు కూడా కావాలన్నారు. ఠీక్ హై అన్నాను. బద్ధకించి, పైన రాయకుండా మధ్యలో ఎక్కడో అతికించేశాను. నేను వాడిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ అప్పట్లో కిక్కురుమనలేదు. తెరమీద స్టాపు పేరు కనిపించింది, సేవ్ అయిందని కూడా వచ్చింది. మళ్లీ తెరిచి చూడలేదు. ఒక్క నిమిషం పని. ఎందుకు చూడలేదు?

బడి తెరిచిన రోజు బస్సు డ్రైవరుకిచ్చిన పిల్లల జాబితాలో ఒక్క స్టాపూ లేదు. డ్రైవరు పాత దారినే పోయాడు. సాలువా వైపు నుంచి కొత్తగా చేరిన పిల్లలు ఎండలో రోడ్డు పక్కనే నిలబడిపోయారు. తల్లిదండ్రులు బడి మీదికొచ్చారు. ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించింది ఆఫీసులో పనిచేసే పార్వతక్క. అందరూ ఆమెనే నిలదీశారు.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "నా సేత్తోనే కొట్టినాను తమ్ముడూ. ఏటైపోనాదో నువ్వే సెప్పు."

నేను పైన రాయకపోవడం వల్లే స్టాపులు సేవ్ కాలేదని అప్పటికే నాకు తెలిసింది. అయినా అన్నాను: "కంప్యూటర్ దానంతటది పోగొట్టదక్కా. నువ్వే మర్చిపోయుంటావు."

"అయితే నానే మరిసిపోనానేమో," అంది.

ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా పైన ఆ ఒక్క లైనూ చేర్చేశాను. వారం తిరక్కుండా ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. భయపడ్డానా, పేరు పోతుందనుకున్నానా? రెండూ. కానీ ఉద్యోగం కంటే పెద్దది ఇంకొకటి ఆమె దగ్గర్నుంచి తీసుకున్నాను. మొన్న పార్వతక్క ప్రేమ్ బజార్‌లో కనిపించింది. కూరలు కొన్న ప్రతిసారీ చిన్న పుస్తకంలో రాసుకుంటోంది. "నా బుర్ర నమ్మకం కాదు తమ్ముడూ, నీకు తెల్సు కదా," అని నవ్వింది. తలూపాను. ఛీ, తలూపాను!

ఇప్పుడు బడి సర్వరులో పీహెచ్‌పీ కొత్త వెర్షన్ వేశారు. ప్రకటించకుండా అతికించినవి ఇంకెన్ని ఉన్నాయో, ఒక్కోదానికీ హెచ్చరిక రాస్తోంది. రోజూ పొద్దున్నే ఆ హెచ్చరికల లాగ్ తెరవకుండానే పక్కన పెట్టేస్తున్నాను.

ఆమెకింకా చెప్పలేదు. చెబుతానని మాటివ్వడానికి కూడా ధైర్యం లేదు. మీకు మాత్రం చెప్పేశాను, గుండె కాస్త తేలికపడింది. పార్వతక్క ఏదీ మరచిపోలేదు.