ఊరూరి అల్లుడు

దేవరాజుకు పెళ్ళి కాలేదు. అయినా గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా ఏ ఊరు చూపించినా అది అతనికి అత్తగారి ఊరే. నవ్వులాటకు చెప్పడం లేదు. ఆటలో కట్టుబాటు అట్లా ఉండేది.

పాలమూరు అనగానే కబడ్డీ అంటారు, వాలీబాల్ అంటారు. అదీ నిజమే. కానీ వనపర్తి హాస్టల్లో ఒకప్పుడు ఒక పీటీ సారు ఉండేవాడు, ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. ఆయన దగ్గర ఆడిన పిల్లలకు చదువు అబ్బిందో లేదో గానీ ఆ పిచ్చి మాత్రం అంటుకుంది. తమ తమ ఊళ్ళకు మోసుకుపోయారు. ఎండలు ముదరకముందే పల్లికాయ పీకేసి చెలకలు ఖాళీ చేస్తారు కదా, ఆ చెలకను ట్రాక్టరుతో చదును చేసి, బొంగులు పాతి, ముగ్గుపిండితో గీతలు గీస్తే అదే గ్రౌండు. ఊరికీ ఊరికీ పోటీ. ఊరి పరువు సంగతి కాబట్టి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఆడేవాడు ఊరివాడైనా కావాలి, ఊరి అల్లుడైనా కావాలి.

కట్టుబాటు పెట్టిన పెద్దలే దానికి దొడ్డిదారి కూడా తీశారు. మంచి ఆటగాడు పక్క మండలంలో ఉంటే పైసలిచ్చి తెచ్చుకుంటారు. తెచ్చుకున్నవాణ్ణి ఊళ్ళో ఒక ఇంటికి అప్పగిస్తారు. ఆ ఇల్లాలు స్నానానికి నీళ్ళు కాగబెట్టి, కోడిని కోసి, జొన్నరొట్టె పెడుతుంది, ఆట అయ్యాక భుజాన కొత్త తువ్వాల వేస్తుంది. ఆట మొదలయ్యే ముందు అవతలి జట్టు పెద్ద వచ్చి "ఈ పిల్లగాడు మీకేమయితడు?" అని అడుగుతాడు. ఆమె గట్టు మీద నిలబడి "మా ఇంటి అల్లుడు" అంటుంది. అక్కడితో సరి. ఆడమనిషి నలుగురిలో చెప్పిన మాటను కాదనడం మర్యాద కాదు. అబద్ధమని అందరికీ తెలుసు, అందరూ ఆడేదే. కర్ణాటక అంచు ఊళ్ళలో "నమ్మ అళియ" అనేవాళ్ళు. దేవరాజు అక్కడా బుద్ధిగా తల ఊపేవాడు.

దేవరాజుది ఇటిక్యాల. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. అన్న ఇంట్లో ఒక మూల అతని ట్రంకుపెట్టె ఉండేది, పెట్టె మీద చాప ఉండేది, అదే అతని ఇల్లు. ఆటలో అతను గోలీ. తక్కినవాళ్ళంతా ఒక దిక్కుకు ఉరుకుతుంటే రెండు బొంగుల మధ్య ఒక్కడే నిలబడే పని. ఒక్కడే నిలబడటం అతనికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. చేతులు పొడుగు, మాట పొట్టి. ఊరూరా కోడికూర తిన్నాడు, ఊరూరా తువ్వాల కప్పించుకున్నాడు, తెల్లారి మొదటి బస్సెక్కి వెళ్ళిపోయాడు. తువ్వాలలన్నీ ట్రంకుపెట్టెలో మడత విప్పకుండా ఉండేవి.

వీపనగండ్లకు మాత్రం వరసగా మూడేళ్ళు వెళ్ళాడు. ఆ ఊరి జట్టుకు పెద్ద ఎరువుల దుకాణం మాసయ్య. పడక మాసయ్య దుకాణంలో, అన్నం సావిత్రమ్మ ఇంట్లో. సావిత్రమ్మ భర్త పోయిన మనిషి, నాలుగెకరాలు తానే నిలబడి చేయించుకునేది. ఒక్కతే కూతురు, మంజుల. అప్పటికి చదువుకునే పిల్ల. ఆ ఇంటికి అల్లుడంటే నవ్వుకోవడానికే తప్ప ఎవరి మనసులోనూ వేరే ఆలోచన ఉండేది కాదు. మూడో ఏడు వచ్చేదాకా దేవరాజు మనసులోనూ లేదు.

మూడో ఏడు ఆటనాటి రాత్రి అన్నం తిని లేచాక మంజుల చెంబుతో చేతులకు నీళ్ళు పోస్తూ అడిగింది.

"ఊరికొక అత్తగారిల్లంట గద నీకు. ఇందుల నిజం ఇల్లు ఏది?"

గోలీకి బంతి ఎటు నుంచి వస్తుందో ముందే పసిగట్టడం అలవాటు. ఇది ఎటు నుంచి వచ్చిందో అతనికి తెలియలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆమె చెంబు ఖాళీ చేసి లోపలికి వెళ్ళిపోయింది. చేతులు తడిగానే ఉన్నాయి, తువ్వాల భుజానే ఉంది, తుడుచుకోవాలన్న సంగతే మరిచిపోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ ఏడే దుబాయి పిలుపు వచ్చింది. మా దిక్కు సముద్రం దాటితే అంతా దుబాయే, దేశం ఏదైనా సరే. అక్కడ కంపెనీలకు సొంత జట్లు ఉంటాయి. శుక్రవారం శుక్రవారం దీపాల కింద ఆటలు, షేకులకు అదొక గొప్ప. దేవరాజు పెనాల్టీ ఆపిన వీడియో ఒక ఏజెంటు ఫోనుకు చేరింది. కాగితం మీద హెల్పర్ ఉద్యోగం, చేసేది గోలీ పని. జీతం హెల్పర్ జీతం మీద రెండింతలు. ఇటిక్యాలలో ఆ మాట విన్నవాళ్ళు కళ్ళు పెద్దవి చేశారు. ఆటకు జీతమిస్తారంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు?

పోయే ముందు పని కల్పించుకుని వీపనగండ్ల వెళ్ళాడు.

"రెండేండ్లు పోయొస్త అత్తా."

"పోయిరా నాయనా. వచ్చినంక జూద్దం తియ్" అంది సావిత్రమ్మ.

ఏం చూద్దామో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. పల్లికాయ ధర గురించి కూడా ఆమె అదే గొంతుతో "జూద్దం తియ్" అనేదని అతనికి అప్పుడు తోచలేదు. ఆ మాటను కొంగుకు ముడేసుకున్నట్టు పట్టుకుపోయాడు.

రెండేళ్ళు రెండేళ్ళుగా ఉండలేదు. ఒప్పందం అయిపోయే నెలలో ఇంకో కంపెనీ మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకొంచెం జీతం, మళ్ళీ కొత్త ఒప్పందం. అదయ్యాక మూడో కంపెనీ. ట్రాన్స్‌ఫర్ అంటారు దాన్ని, పేరు పెద్దది. ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు, ఒక ఇనుప మంచం నుంచి ఇంకో ఇనుప మంచానికి. ఇల్లు కట్టుకునేపాటి పైసలు చేతిలోకి వస్తే అప్పుడు పిల్లను అడగవచ్చు అనుకున్నాడు. అడగడానికి ఇల్లెందుకు, నోరుంటే చాలదా? ఆ బుద్ధి ఉంటే ఈ కథే లేదు.

శుక్రవారం వేలమంది చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆట అయ్యాక బస్సు క్యాంపు దగ్గర దింపేది. గదిలో మలయాళం, నేపాలీ, బెంగాలీ. తెలుగు ఒక్కడికీ రాదు. నవ్వవలసిన చోట వాళ్ళతోపాటు నవ్వేవాడు, ఎందుకు నవ్వారో తెలియదు. ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగితే, అత్తగారిది వీపనగండ్ల అని చెప్పేవాడు. చెప్పగా చెప్పగా అతనికే నిజమనిపించింది. ఉగాదికి సావిత్రమ్మకు ఫోను చేసేవాడు.

"మంచిగున్నవా నాయనా?"

"మంచిగున్న అత్తా."

మంజుల గురించి ఒక్కసారీ అడగలేదు. సావిత్రమ్మ మాట్లాడుతుంటే వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు మంజులదే అనుకుని, ఫోను పెట్టేశాక కూడా కాసేపు చెవికి ఆనించుకునే ఉండేవాడు.

మూడో కంపెనీలో మోకాలు పోయింది. తర్వాతి శుక్రవారం గోలులో కొత్త కుర్రాడు, ఘనా దేశం నుంచి వచ్చాడు. అతని చేతులూ మంచి చేతులే. దేవరాజు చేతికి తడిగుడ్డ కర్ర ఇచ్చారు. కాదనడానికి లేదు, కాగితం మీద మొదటి నుంచీ హెల్పరే కదా. ఒప్పందం తీరేదాకా ఆఫీసు నేలలు తుడిచి, ఏడేళ్ళకు ఇల్లు చేరాడు. అన్న ఇంట్లో అతని మూలలో విత్తనాల బస్తాలు ఉన్నాయి. పెట్టె బస్తాల కింద ఉంది. వదిన మంచి మనిషే, బస్తాలు జరిపి చాప వేసింది.

వీపనగండ్ల పోవాలి. ఊరికే ఎట్లా పోవడం? ఆ సమయానికే మాసయ్య ఫోను చేశాడు.

"మా గోలీకి చెయ్యి ఇరిగింది దేవరాజూ. ఆత్మకూరోల్లతోని ఆట. జర వస్తవా?"

మోకాలి మాట ఎత్తకుండా వస్తానన్నాడు. వాళ్ళు అడిగింది గోలీని, అతను పోయింది ఇంకో పనికి.

సావిత్రమ్మ ఇల్లు అట్లానే ఉంది, ఆమె జుట్టు మాత్రం నెరిసింది. మంజుల ఆత్మకూరు దవాఖానలో నర్సు, రోజూ బస్సులో పోయి వస్తుంది. మెడలో తాళి లేదు. అది చూసిన క్షణం దేవరాజు గుండెలో సంతోషం పొంగింది, దాచుకోవడానికి వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు. తనకోసమే ఆగిందని అనుకున్నాడు. ఆమె ఏం అనుకుని ఆగిందో, అసలు ఆగిందో లేదో, అతనికేం తెలుసు? అన్నం అయ్యాక ఆమె చెంబు తెచ్చింది. ఈసారి జవాబు సిద్ధంగా ఉంది. ఆమె అడగలేదు. నీళ్ళు పోసి, "మోకాలు వాచినట్టున్నది, పట్టి గట్టుకో" అని వెళ్ళింది. సరే, ఆట అయ్యాక తానే చెబుతాడు. అది గట్టి నిర్ణయం.

మర్నాడు చెలక చుట్టూ రెండు ఊళ్ళ జనం. ఆత్మకూరు జట్టు పెద్ద ఉపేందర్ కొత్త మనిషి, పాత మర్యాదలు పట్టనివాడు. వచ్చి దేవరాజును కిందికీ మీదికీ చూశాడు.

"ఈయన ఏమయితడమ్మా మీకు?"

సావిత్రమ్మ ఎప్పటిలాగే నోరు తెరిచింది. ఉపేందర్ ఆమె మాట రానివ్వలేదు.

"అల్లుడని జెప్పకు. నీకున్నది ఒక్క బిడ్డ. మా దవాఖానల జేస్తది, పెండ్లి గాలేదని మా ఊరంతకు తెలుసు. మరి ఈయన ఏ బిడ్డ మొగడు? ఎప్పుడు జేసినవ్ పెండ్లి?"

ఎవరో నవ్వారు. ఇంకెవరో మంజుల వైపు తిరిగి చూశారు. ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ మంజుల తల దించుకుంది. సావిత్రమ్మ ముఖం నల్లబడింది. దేవరాజు చేతుల్లో గ్లవ్స్ ఉన్నాయి, నోట్లో మాట ఉంది. ఇప్పుడైనా అనవచ్చు, చేసుకుంటానని. పదిమందిలో ఆడపిల్ల పేరు ఎట్లా ఎత్తడమని ఆగాడు. అతను ఆగిన ఆ కాస్తలోనే సావిత్రమ్మ గట్టు దిగి ముందుకు వచ్చింది.

"అల్లుడని ఎవరన్నరయ్యా? నా కొడుకు. కడుపుల పుట్టకుంటే కొడుకు గాడా? నా చేతి అన్నం దిన్నోడు, నా బిడ్డకు అన్న. ఇగ అడుగు, ఏమడుగుతవో!"

ఉపేందర్ వెనక్కి తిరిగి తన జట్టు దగ్గరికి నడిచాడు. జనం ఈలలు వేశారు. ఊరి పరువు కాపాడిన మాట అది. ఆ మాట దేవరాజు చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. నలుగురిలో చెప్పిన ఆడమనిషి మాటను కాదనకూడదు.

ఆడాడు. బొంగుల మధ్య ఒక్కడే నిలబడి వచ్చిన బంతినల్లా పట్టాడు. మోకాలి నొప్పి తెలియలేదు. వీపనగండ్ల గెలిచింది. జట్టు కుర్రాళ్ళు అతన్ని ఎత్తుకుని తిప్పారు. దిగాక మంజుల నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చింది.

"తాగు అన్నా" అంది.

ఆమె గొంతులో ఏముందో వెతికాడు. అలసట ఉంది, కొంచెం దయ ఉంది. ఇంకేదన్నా ఉంటే అతనికి దొరకలేదు. తాగి గ్లాసు ఇచ్చేశాడు.

మాసయ్య పగలబడి నవ్వుతూ వీపు చరిచాడు. "ఊరి కొడుకువైతివి గదరా! ఊరి కొడుక్కు పైసలేంది?" అందరూ నవ్వారు, దేవరాజూ నవ్వాడు. ఈసారి నవ్వెందుకో అతనికి తెలుసు. ఆ ఏడు తువ్వాల కూడా లేదు. అల్లుడికి పెడతారు గానీ కొడుక్కు ఎవరు పెడతారు?

సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే సావిత్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పరేషాన్ అయిన నాయనా పొద్దుగాల. ఆదివారం కొల్లాపూర్ నుంచి పిల్లను జూడనీకి వస్తున్నరు. ఈ అల్లుడి మాట వాల్ల చెవుల బడితే ఏమనుకుంటరు చెప్పు? అందుకే గట్లన్న." అతని చెయ్యి పట్టుకుంది. "మగదిక్కు లేని ఇల్లు. ఎవరూ లేరా అని అడుగుతరు. పిల్లకు అన్నవు గద, ఆదివారం వచ్చి జర కూసో నాయనా."

ఆమెకు ఏమీ తెలియదు. తెలిస్తే ఆ మాట అడిగే మనిషి కాదు. ఏడేళ్ళుగా అనుకుంటున్నది ఇప్పుడు చెప్పినా ఆమె కాదనకపోవచ్చు. కానీ రెండు ఊళ్ళ ముందు కొడుకన్న ఆమె రేపు ఏ ముఖంతో అల్లుడంటుంది? అన్న అని పిలిచిన పిల్ల ఏ నోటితో ఇంకోలా పిలుస్తుంది? "అట్లనే అత్తా" అనబోయి ఆగాడు.

"అట్లనే అమ్మా" అన్నాడు.

ఆదివారం ముందుగానే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, మంచాల మీద దుప్పట్లు పరిచి, వచ్చినవాళ్ళకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాడు. పిల్లవాడు నెమ్మదస్తుడే, బళ్ళో టీచరు. వంక పెట్టడానికి చూశాడు గానీ వంక దొరకలేదు. మంజుల చాయ్ గ్లాసులు పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడి తండ్రి దేవరాజు వైపు తిరిగాడు.

"మీరు దుబాయిల ఆడినోల్లంట గద. మీ ఇల్లు యాడ?"

మంజుల గడపలోనే ఆగింది. అతను ఆమెను చూడలేదు.

"ఇదే మా ఇల్లు. పిల్లకు అన్నను" అన్నాడు.